ఊరెళ్లారు సార్



పోయిన భాగంలో హాస్టల్ మెస్ గురించి రాశాను. ఈసారి క్లాసు రూముకీ స్టాఫ్ రూముకీ మధ్య తిరిగే మనిషి గురించి రాస్తాను. సి.ఆర్. గురించి. డిగ్రీ చదివిన ప్రతివాళ్లకీ ఒక సి.ఆర్. గుర్తుంటాడు. చాక్‌పీసులు తెచ్చేవాడు, అటెండెన్సు రిజిస్టరు మోసేవాడు, జిరాక్సులు తీయించి తలా అయిదు రూపాయలు వసూలు చేసేవాడు. "ఇవాళ సార్ రావట్లేదంట" అని గుమ్మంలో నిలబడి చెప్తే క్లాసు మొత్తానికీ ఆ పూటకి వాడే దేవుడు. ఇందులో రాయటానికి ఏముంది అనుకుంటారేమో. నాకు చాలా ఉంది. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

నేను తెలుగు చెప్తాను. నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీ. పేరు రాయను. రాస్తే రేపు ప్రిన్సిపాల్ గారి గదిలో నిలబడి జవాబు చెప్పుకోవాలి. మా తెలుగు డిపార్ట్‌మెంట్ అంటే ఒక గది, రెండు బీరువాలు, ఇద్దరం మనుషులం. మా నెత్తిన, మొదటి అంతస్తులో ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్. వాళ్లు ఆరుగురు. బి.ఏ. అయినా బి.కాం. అయినా బి.ఎస్సీ. అయినా ఇంగ్లీషు తప్పదు కాబట్టి కాలేజీలో ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లు ఎక్కే పని పడుతుంది. పని పడుతుంది గానీ ఎక్కరు. కింద నా గదికొస్తారు.

పోయిన ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే ముగ్గురు ఆడపిల్లలు తలుపు దగ్గర నిలబడ్డారు.

"మేడమ్, ఇంగ్లీషు అసైన్‌మెంటు ఎప్పుడియ్యాలి?"

"నాకెట్లా తెలుస్తుందే? పైకెళ్లి అడగండి."

"అక్కడ ఇంగ్లీషులోనే అడగాలంట మేడమ్."

నేనూ ఆ కాగితం చూశాను. పై గది తలుపుకు అంటించి ఉంటుంది, ఈ గదిలో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాలి అని. చెడ్డ ఉద్దేశంతో పెట్టింది కాదు. హెచ్.ఓ.డి. గారు మంచి మనిషి. బలవంతాన మాట్లాడిస్తేనన్నా నోరు తిరుగుతుందని ఆయన నమ్మకం. కానీ జరిగేది వేరు. రోగం తగ్గాక ఆసుపత్రికి రండి అన్నట్టుంది వ్యవహారం. ఇంగ్లీషు రాని పిల్లల కోసం ఉన్న గదిలోకి ఇంగ్లీషు వచ్చినవాళ్లే పోగలుగుతున్నారు.

"మరి మీ సి.ఆర్. ఉన్నాడు కదా, అతన్ని అడగండి."

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లలో పొట్టిగా ఉండే పిల్ల చెప్పింది. "గ్రూపులో పెట్టానంటాడు మేడమ్. మా ఇంట్లో ఒకటే ఫోను. నాన్న పనికి తీసుకెళ్తాడు."

ఆ పిల్లని గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది. వినుకొండ అవతల, బొల్లాపల్లి వైపు నుంచి వస్తుంది. రెండు బస్సులు మారాలి.

ఆ రోజు అన్నం చల్లారిపోయింది. నాకు నా సి.ఆర్. గుర్తొచ్చాడు.

నేను డిగ్రీలో చేరింది 2005లో. మొదటి రోజు ఇంగ్లీషు సార్ క్లాసులోకి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న "ఇంటర్ ఇంగ్లీష్ మీడియంలో చదివిందెవరు?" అని. మూడు చేతులు లేచాయి. అందులో ముందు బెంచీ అబ్బాయిని చూసి "నువ్వే సి.ఆర్.వి" అన్నారు. అంతే, ఎన్నిక అయిపోయింది. అరవై మందిమి ఉన్నాం. ఎవరూ ఏమీ అడగలేదు, అడగొచ్చని కూడా మాకు తెలియదు.

ఆ అబ్బాయి గురించి ఒక్క చెడ్డమాట చెప్పలేను. నోట్సు అడిగితే ఇచ్చేవాడు. మమ్మల్ని "ఏమండీ" అనేవాడు. పెద్ద రైతు కొడుకు, బండి మీద వచ్చేవాడు. కులం పేరు రాయను. పల్నాడు వాళ్లకు రాయక్కర్లేదు.

మాది మాచర్ల దగ్గర పల్లె. సంక్రాంతి దాటితే మిరపకోతలు మొదలవుతాయి. మార్చి దాకా చేలు ఎర్రగా ఉంటాయి. ఆ మూడు నెలలు కూలి దొరికే నెలలు. మిగతా సంవత్సరం అప్పు తీరేదీ, పెళ్లిళ్లు కుదిరేదీ ఆ డబ్బుతోనే. అమ్మ ముఠాలో ఒక చెయ్యి తగ్గితే ఆ రోజు కూలి తగ్గినట్టే. అందుకని నేనూ, మా పల్లెలో డిగ్రీ చదివే ఇంకో ముగ్గురం, వారంలో రెండు రోజులు కాలేజీ మాని కోతకు పోయేవాళ్లం. తెల్లారుజామునే ఆటో. చీర కొంగు మూతికి కట్టుకున్నా ఘాటు ఆగదు. సాయంత్రానికి వేళ్లు మండేవి. కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే, మర్నాడు కాలేజీలో పొరపాటున కళ్లు నలుముకున్నామా, ఇంక ఆ పూటకి పాఠం లేదు. ఇంగ్లీషు పద్యంలో పసుపు రంగు పూల గురించి సార్ తన్మయంగా చెప్తుంటే నేను కారే కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. కవిత్వానికి కరిగిపోయిందనుకున్నారు సార్. ఆ సంవత్సరం ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

మార్చిలో నోటీసు బోర్డు మీద జాబితా పెట్టారు. 75 శాతం హాజరు లేనివాళ్లు. పదకొండు పేర్లు. చదువుతుంటే మా హాస్టల్ రిజిస్టరు చదివినట్టే ఉంది. కండొనేషన్ ఫీజు కడితేనే హాల్ టికెట్. ఆ ఫీజు కట్టాలంటే అమ్మ మళ్లీ అన్ని రోజులు కోతకు పోవాలి. కోతకు పోయినందుకు ఫీజు, ఫీజు కోసం కోత.

చాలా రోజుల తర్వాత తెలిసింది. జాబితా వేసే ముందు ఇంగ్లీషు సార్ సి.ఆర్.ని పిలిచి అడిగారంట, "వీళ్లు ఎందుకు రావట్లేదు?" అని. అడిగారు పాపం. అడగని సార్లే ఎక్కువ. ఆ అబ్బాయి నిజాయితీగా తనకు తెలిసింది చెప్పాడు.

"ఊరెళ్లారు సార్."

ఈ మూడు ముక్కల గురించి నేను చాలా ఆలోచించాను. అందులో అబద్ధం లేదు. ఊరెళ్లటమంటే అతనికి పండక్కి అమ్మమ్మ గారింటికి వెళ్లటం, పెళ్లికి వెళ్లటం. మాకు ఊరంటే వేరే. మేముండేది పల్లె. ఊరెళ్లటమంటే మాకు పనికి పోవటమే. ఆ లెక్కన అతను చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. విన్న సార్‌కి మాత్రం అందులో మిరపచేను కనపడలేదు. మేం కోసిన చేలల్లో అతని నాన్నది కూడా ఒకటి ఉండి ఉండొచ్చు. ఆ ముక్క చెప్తే చాలు, సార్ ఏం చేసేవారో గానీ కనీసం జాబితా చూసే చూపు మారేది. వార్త వెళ్లింది. దారిలో దాని కడుపు ఖాళీ అయింది.

అప్పుడు నాకు కోపం ఆ అబ్బాయి మీద వచ్చింది. తర్వాత యూనివర్సిటీకి పోయి, అంబేడ్కర్‌ని చదివి, నాలుగు మీటింగుల్లో కూర్చున్నాక గానీ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అతన్ని మేం పంపలేదు. సార్ పెట్టుకున్నారు. పెట్టుకున్నవాళ్లకే అతను జవాబుదారీ. మా అందరి తరఫునా మాట్లాడతాడని పేరు, నిజానికి సార్ మాటను మాకు చేరవేసే కొరియర్.

కొంచెం చరిత్ర చెప్తాను, విసుక్కోకండి. మన రాష్ట్రంలో కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆపేశారు. గొడవలు, కొట్లాటలు అన్నారు. అవీ నిజమే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూ వచ్చాయి గానీ మన డిగ్రీ కాలేజీల్లో లేవు. అప్పటినుంచీ మూడు తరాల పిల్లలు ఎన్నికంటే ఏమిటో చూడకుండానే డిగ్రీ దాటి, ఊళ్లో సర్పంచ్ ఎలక్షన్లో నేరుగా ఓటేస్తున్నారు. 2006లో లింగ్డో కమిటీ నివేదిక వచ్చింది, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. వాతావరణం బాగాలేని చోట నామినేషన్ పద్ధతి పెట్టుకోండి, కానీ అది తాత్కాలికం, అయిదేళ్లలో ఎన్నికల పద్ధతికి మారండి అని అందులో ఉంది. అయిదేళ్లు ఎప్పుడో దాటాయి. మన తాత్కాలికాలు ఎప్పుడూ శాశ్వతాలే.

అదే నివేదికలో ఇంకో ముక్కుంది. పోటీ చేసే విద్యార్థికి కనీసం 75 శాతం హాజరుండాలి, ఆ సంవత్సరం సబ్జెక్టులేవీ మిగిలి ఉండకూడదు. చదివినవాళ్లెవరికైనా న్యాయంగానే కనిపిస్తుంది. మిరపచేలో నిలబడి చదివితే వేరేగా కనిపిస్తుంది. హాజరు ఎందుకు తగ్గుతోందో చెప్పాల్సిన మనిషి, హాజరు తగ్గింది కాబట్టి చెప్పటానికి పనికిరాదు.

2023లో యు.జి.సి. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రతి కాలేజీలో కమిటీ ఉండాలి. అధ్యక్షులు, సభ్యులు అందరూ అధ్యాపకులే. వాళ్లలో కనీసం ఒక మహిళ ఉండాలి, ఎస్సీ ఎస్టీ ఓబీసీల నుంచి ఒకరుండాలి. బాగుంది. విద్యార్థి కూడా ఉంటాడు. ఎట్లా ఉంటాడంటే, ప్రత్యేక ఆహ్వానితుడిగా. ఎట్లా వస్తాడంటే, మార్కుల్లోనో ఆటల్లోనో మిగతా కార్యక్రమాల్లోనో మెరుగైనవాణ్ని చూసి నామినేట్ చేస్తారు. అంటే ఫిర్యాదుల కమిటీలో కూర్చునే పిల్లాడు కాలేజీ మీద ఫిర్యాదు ఉండటానికి అందరికంటే తక్కువ అవకాశమున్న పిల్లాడు. ఇది నా ఎకసెక్కం కాదు, నిబంధన చదివి చూడండి.

పూనా ఒప్పందం గురించి మన పిల్లలకు చెప్పేటప్పుడు నేను సి.ఆర్. ఉదాహరణే చెప్తాను. 1932లో కమ్యూనల్ అవార్డు ప్రకారం రాష్ట్రాల శాసనసభల్లో మనకు 71 సీట్లు, మనవాళ్లే విడిగా ఓటేసి ఎన్నుకునేవి. గాంధీ గారి నిరాహారదీక్ష తర్వాత సెప్టెంబర్ 24న ఒప్పందం కుదిరేసరికి అవి 148 అయ్యాయి. రెట్టింపు. కానీ చివరి ఓటు అందరిదీ అయింది. మన మనిషి ఎవరో తేల్చేది మనం కాదు. సీట్లు పెరిగి గొంతు తగ్గటమంటే అదే. అంబేడ్కర్ తర్వాత పుస్తకం రాసి మరీ ఆ బాధ చెప్పుకున్నారు. మా క్లాసులోనూ సి.ఆర్. ఉన్నాడు కదా, లేడని ఎవరంటారు?

ఇక మన జాషువా. వినుకొండ ఆయనది. మా బొల్లాపల్లి పిల్ల బస్సు మారే ఊరు. 1941లో గబ్బిలం రాశాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురంపాడు, ప్రేయసికి. మన అరుంధతీ సుతుడు గబ్బిలంతో కబురంపాడు, శివుడికి. తాను గుడిలోకి పోలేడు. గబ్బిలం పోతుంది, దేవుడి చెవి పక్కనే వేలాడుతుంది. పూజారి దగ్గర లేనప్పుడు చూసి చెప్పు అని జాగ్రత్త కూడా చెప్తాడు. పీహెచ్.డి. చేసేటప్పుడు ఈ కావ్యం మీద ఎన్ని వ్యాసాలు చదివానో. ఛందస్సు గురించి రాశారు, కరుణరసం గురించి రాశారు. నాకు మాత్రం సి.ఆర్. సంగతి తగిలాకే ఒకటి తట్టింది. ఆ గబ్బిలాన్ని ఎంచుకున్నది గోడు ఉన్నవాడు. గుడివాళ్లు వేసిన దూత కాదు అది. అందుకే దాని నోట మాట మారలేదు.

(దూత అనగానే పల్నాడులో అలరాజు గుర్తొస్తాడు. మాచర్ల పక్షాన రాయబారం వెళ్లి విషానికి బలైనవాడు. కారెంపూడి వీరుల గుళ్లకు ఏటా కార్తీకంలో వెళ్లే మా మేనమామ ఆ కథ చెప్పి ఏడ్చేవాడు. రాయబారికి కత్తి గండం ఉంటుందని ఆ కథ. మన కాలంలో విషం అక్కర్లేదు, చాక్‌పీసు డబ్బా చేతికిస్తే చాలు.)

సరే, ఆగస్టుకు వస్తాను. ఆ పిల్లలు వెళ్లాక నేను మెట్లెక్కి పైకి పోయాను. తెలుగులోనే మాట్లాడాను. హెచ్.ఓ.డి. గారు నవ్వి కాగితం వైపు చూపించారు. నేనూ నవ్వి కుర్చీ లాక్కున్నాను. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియం అయిపోయాయి. అప్పటినుంచీ ఈ ఆరుగురి మీద బరువు పెరిగింది. ఎకనామిక్స్ అర్థం కాకపోయినా పిల్లలు ఇంగ్లీషునే తిట్టుకుంటున్నారు. ఆయన ఇబ్బందులు ఆయనవి. నాలుగింటికి రెమెడియల్ క్లాసు పెడితే ఎవరూ ఉండరన్నారు. "శ్రద్ధ లేదండీ వీళ్లకి" అన్నారు.

"మూడున్నర బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడో అడిగారా?" అన్నాను.

"సి.ఆర్. ఎప్పుడూ చెప్పలేదే?"

"మీ సి.ఆర్. ఏ బస్సుకొస్తాడు?"

ఆయన ఆలోచించారు. ఆ అబ్బాయి ఇల్లు ప్రకాశ్ నగర్లో. నడిచి వస్తాడు.

నేను అడిగింది ఒకటే. సి.ఆర్.ని మీరు పెట్టొద్దు, పిల్లల్ని పెట్టుకోనివ్వండి. ఆయన ఒప్పుకున్నారు. ఇక్కడ నేను ఎగిరి గంతేశాను, తొందరపడ్డాను. చేతులెత్తించి ఓటింగ్ పెడితే ఎవరి చెయ్యి ఎటు లేస్తోందో వెనక బెంచీలు చూసుకుని మరీ ఎత్తాయి. చీటీలు వేయించాం. చీటీల్లోనూ అదే అబ్బాయి గెలిచాడు. మంచివాడు, మార్కులొస్తాయి, సార్లతో మాట్లాడతాడు. పిల్లలు అదే చూశారు. పూనా ఒప్పందం పాఠం చెప్పే మేడమ్‌కి పూనా ఒప్పందం మర్చిపోయినందుకు జరగాల్సిందే జరిగింది.

అప్పుడు రెండో ఆలోచన చెప్పాను. ఆ ఒక్కడితో పాటు ఇంకో నలుగురు ఉండాలి, వాళ్లను ఆయా గుంపులే ఎన్నుకోవాలి. హెచ్.ఓ.డి. గారి మొహం మారింది. "మేడమ్, కులానికొక సి.ఆర్. అంటారా? కాలేజీలో గొడవలైతే?"

"కులానికి కాదు సార్, బస్సుకి."

వినుకొండ రూటుకు ఒకరు, పిడుగురాళ్ల రూటుకు ఒకరు, సత్తెనపల్లి రూటుకు ఒకరు, హాస్టళ్లకు ఒకరు. ఏ బస్సులో ఏ పల్లెల, ఏ తండాల పిల్లలు ఎక్కుతారో పల్నాడులో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ బస్సుకు అభ్యంతరం చెప్పటం కష్టం. ఆయన చాలాసేపు పెన్ను తిప్పి "కానివ్వండి" అన్నారు. బస్సుకి కులం లేదు కదా మరి.

వినుకొండ బస్సువాళ్లు ఎవర్ని పెట్టుకున్నారో మీరు ఊహించే ఉంటారు. ఆ పొట్టి పిల్లని. ఎందుకమ్మా అని అడిగితే "సీటు కోసం కండక్టర్‌తో అదే పోట్లాడిద్ది మేడమ్" అన్నారు. ప్రతినిధికి ఇంతకంటే అర్హత ఏ కమిటీ రాయలేదు.

ఇప్పటిదాకా చదివి మేడమ్ భలే చేసిందే అనుకునుంటారు. ఆగండి.

సెప్టెంబరులో ఇంగ్లీషు అధ్యాపకులతో మొదటి సమావేశం. పై గదిలోనే. ఆ రోజుకి తలుపు మీద కాగితం మడిచిపెట్టారు, ఆ మర్యాద చేశారు. ఆరుగురు వాళ్లు, అయిదుగురు పిల్లలు, మూలన నేను. పిల్లకు ముందురోజే అన్నీ చెప్పాను. ఏం అడగాలి, ఎట్లా అడగాలి, ఒక కాగితం మీద రాసిచ్చాను కూడా. దాని వంతు వచ్చింది. లేచి నిలబడింది. కాగితం చేతిలోనే ఉంది, చూడట్లేదు. "సార్, క్లాసులో..." అని ఆగింది. గొంతు తడారింది. ఇంకో నాలుగు క్షణాలు ఆగితే మాట్లాడేదే. నేను ఆగలేకపోయాను. లేచాను.

పది నిమిషాలు మాట్లాడాను. బాగా మాట్లాడానని అప్పుడు అనుకున్నాను. మాతృభాషలో వివరించకుండా పరాయి భాష ఎట్లా నేర్పుతారన్నాను. తెలుగులో అర్థం చెప్పండి, తెలుగులో ప్రశ్నలు అడగనివ్వండి, తెలుగు మీడియం పిల్లల ఆత్మగౌరవం అన్నాను. చిన్నప్పుడు నా కళ్లలో మిరపఘాటు సంగతి కూడా చెప్పాను. ఒక మేడమ్ కళ్లు చెమర్చాయి. హెచ్.ఓ.డి. గారు రాసుకున్నారు. తెలుగులో వివరణ ఇస్తాం అన్నారు. గెలిచి మెట్లు దిగాను.

పిల్ల నా వెనకే దిగింది. గది దాకా ఏం మాట్లాడలేదు. తర్వాత, "మేడమ్, నేను చెప్పాలనుకుంది అది కాదు."

"మరేంది?"

"తెలుగులో చెప్పొద్దు మేడమ్. తెలుగులో చెప్తే ఆ గంట కూడా పోయిద్ది. మాకు ఇంగ్లీషు వినబడేదే ఆ గంట. ఇంట్లో వినబడదు, బస్సులో వినబడదు. ఇంగ్లీషులోనే చెప్పమనండి. మెల్లగా చెప్పమనండి. మేం తప్పు మాట్లాడితే నవ్వకుండా దిద్దమనండి. అంతే."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఊరెళ్లారు సార్ అన్న అబ్బాయి కంటే నేనేం మేలు చేశాను? అతను తెలియక వార్త కడుపు ఖాళీ చేశాడు. నేను తెలిసీ దాంట్లో నా వార్త కూరాను. నాకు తెలుగు మీద ప్రేముంది, నా ఉద్యోగం తెలుగు మీద ఉంది, నా అవమానం తెలుగు మీడియంది. అవన్నీ నావి. ఈ పిల్లవి కావు. సావిత్రిబాయి ఫూలే పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లీషు చదువుకోండని కవిత రాసిందని మీటింగుల్లో నేనే చెప్తాను. మళ్లీ మా పిల్ల నోటికి నా తెలుగు అడ్డంపెట్టాను. జాషువా గబ్బిలం దారిలో సొంత కవిత్వం చెప్పుకుంటూ పోయుంటే ఏమయ్యేది?

మనవాళ్లం మనవాళ్ల తరఫున మాట్లాడితే చాలదా అని మన సభల్లో తరచూ వస్తుంది. ఒక తరం ముందు చదువుకున్న నాబోటి వాళ్లకు ఆ మాట తియ్యగా ఉంటుంది. నాకు ఆ రోజు నుంచి చేదుగా ఉంది.

మర్నాడు ఆ పిల్లను తీసుకుని మళ్లీ మెట్లెక్కాను. గుమ్మం బయటే నిలబడ్డాను. కాగితం మళ్లీ తలుపు మీద ఉంది. లోపల ఏం మాట్లాడిందో నాకు సగమే వినిపించింది. కొంత ఇంగ్లీషు, కొంత తెలుగు, మధ్యలో ఒకసారి హెచ్.ఓ.డి. గారి నవ్వు. ఎగతాళి నవ్వు కాదు. నిన్న మేడమ్ చెప్పింది మా మాట కాదు అని మాత్రం స్పష్టంగా అనటం విన్నాను. చెవులు వేడెక్కాయి.

ఏం మారింది అంటే, పెద్దగా ఏం లేదు. రెమెడియల్ క్లాసు నాలుగింటి నుంచి మధ్యాహ్న భోజనం గంటలోకి వచ్చింది. ఒక సారు దానికి ఇప్పటికీ సణుగుతున్నారు, ఆయన అన్నం చల్లారిపోతుందని. అసైన్‌మెంటు తేదీలు గ్రూపులోనే కాకుండా బోర్డు మీద కూడా రాస్తున్నారు. కొంతమంది నిజంగానే మెల్లగా చెప్తున్నారు. ఒకాయన మెల్లగా చెప్పటమంటే గట్టిగా చెప్పటమనుకుంటున్నారు. సత్తెనపల్లి రూటు అబ్బాయి రెండు సమావేశాలకు వచ్చి మానేశాడు. పిడుగురాళ్లలో సున్నం బట్టీ దగ్గర పనిచేసే నాన్నకు బాగాలేక, ఆ రూటు పిల్లాడు చదువే మానేశాడు. అతని చోట ఇంకా ఎవరూ లేరు. మొదటి సి.ఆర్. అబ్బాయి మాత్రం నేను అనుకోని పని చేశాడు. నా దగ్గరికొచ్చి "మేడమ్, బస్సు టైములు నాకు ఎవరూ చెప్పలేదండి" అన్నాడు. వాణ్ని ఎవరూ అడగనట్టే, వాడికీ ఎవరూ చెప్పలేదు.

హాజరు జాబితా సంగతి అడిగాం. బోర్డు మీద పెట్టే ముందు ఈ అయిదుగురికీ చూపించి, ఎవరు ఎందుకు రాలేదో రాయించుకుంటామన్నారు. కోతలకు పోతే హాజరు ఇస్తారా అంటే ఇవ్వరు. రూలు రూలే. ఫీజు రీయింబర్స్‌మెంటుకూ 75 శాతం అడుగుతారు కాబట్టి ఈ జాబితా మా రోజుల్లో కంటే ఇప్పుడే ఎక్కువ ప్రమాదం. కానీ కారణం రాసే గడి ఒకటి వచ్చింది.

ఫిబ్రవరి వచ్చింది. చేలు ఎర్రబడ్డాయి. వినుకొండ బస్సు ఖాళీ అయింది. మా పిల్ల కూడా రాలేదు. వారం చూశాను. హెచ్.ఓ.డి. గారు మెట్ల దగ్గర కనపడి, "మీ అమ్మాయి రావట్లేదేంటి మేడమ్?" అన్నారు. నోటిదాకా వచ్చింది, కోతకు పోయిందండీ అని. మింగేశాను. "తననే అడగండి సార్, నంబరుంది కదా" అన్నాను.

ఆ రాత్రి ఆయన నాకు ఫోన్లో ఒక ఫొటో పంపారు. వాళ్లిద్దరి మెసేజీలు. ఇంగ్లీషులో రాసుకున్నారు. పిల్ల నాన్న ఫోన్లోంచి పంపింది.

"సర్, వి ఆర్ నాట్ గాన్ టు ఊరు. వి ఆర్ ఇన్ చిల్లీ కటింగ్. నైన్ మెంబర్స్ ఫ్రమ్ వినుకొండ బస్. నేమ్స్ ఐ విల్ సెండ్."

కింద ఆయన జవాబు.

"హావ్ నాట్ గాన్. చిల్లీ పికింగ్, నాట్ కటింగ్. సెండ్ ది నేమ్స్ బిఫోర్ మండే."

దాని కింద తొమ్మిది పేర్లు. మొదటి పేరు దానిదే. ఎదురుగా, ప్రతి పేరుకూ విడివిడిగా, దిద్దిన స్పెల్లింగుతో, చిల్లీ పికింగ్ అని తొమ్మిదిసార్లు రాసింది.

నలుగురు కండొనేషన్ ఫీజు కట్టాల్సొచ్చింది. అందులో అదీ ఒకతి.